పదవీ విరమణ వయసు పెంచినప్పుడు యూనియన్ రెండుగా చీలకుండా చూసుకోవడం ఎలా

తెలంగాణ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2021 మార్చిలో 58 నుంచి 61 ఏళ్లకు పెరిగిన నాటికి హనుమకొండలోని ఒక కార్యాలయంలో మా సంఘం శాఖకు నేను కార్యదర్శిగా ఉన్నాను. మూలవేతనంపై 30 శాతం పెంపు (ఫిట్‌మెంట్)తో వేతన సవరణ, దానితోపాటే వయసు పెంపు శాసనసభలో ఒకే రోజు ప్రకటించారు గనుక ఆ సాయంత్రం అందరం మిఠాయిలు పంచుకున్నాం. నెల తిరగకముందే, ఆ ఏడాది రిటైర్ కావలసిన సూపరింటెండెంట్ గారూ, ఆయన కుర్చీలోకి వెళ్లవలసిన సీనియర్ అసిస్టెంటూ ఒకరినొకరు పలకరించుకోవడం మానేశారు. ఇద్దరూ మా సభ్యులే. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు పక్కపక్కన కూర్చున్నవాళ్లే. వాళ్లిద్దరిని కలపడానికి నేను చేసిన మొదటి ప్రయత్నాలన్నీ విషయాన్ని మరింత చెడగొట్టాయి. ఆ పొరపాట్ల నుంచి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. కార్యాలయ శాఖ కార్యదర్శికీ, ఆర్టీసీ డిపో కార్యదర్శికీ, గని దగ్గరి పిట్ కార్యదర్శికీ ఇది పనికివస్తుందని అనుకుంటున్నాను.

సంఘం వయసు పెంపును ఒంటరి కోరికగా అడిగినా, యాజమాన్యం ఒంటరిగా ఇచ్చినదాన్ని అలాగే పుచ్చుకున్నా తగవు తప్పదని నా అనుభవం. దానితోపాటు ఏమేమి అడగాలో తెలియాలంటే ముందు మీ సొంత కార్యాలయం లెక్క మీ చేతిలో ఉండాలి.

లెక్క కట్టకుండా సమావేశం పెట్టవద్దు

సీనియారిటీ జాబితా, ప్రతి ఒక్కరి పుట్టిన తేదీ, సర్వీసులో చేరిన తేదీ, ప్రస్తుత హోదాలో చేరిన తేదీ సేకరించండి. సభ్యుల్లో ఎవరెవరు 2004 సెప్టెంబరు 1కి ముందు చేరారో, ఎవరెవరు తర్వాత చేరారో వేరుగా గుర్తు పెట్టండి. ముందు చేరినవారికి పాత పెన్షన్, తర్వాత చేరినవారికి కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్) వర్తిస్తాయి గనుక, ఒకే వయసు పెంపు ఈ ఇద్దరి జేబుల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. తర్వాత నెలవారీగా ఒక పట్టిక వేయండి: పాత వయసు ప్రకారం ఏ నెలలో ఎవరు దిగిపోవాలి, ఆ ఖాళీలోకి ఎవరు రావాలి, వారి ఖాళీలోకి ఎవరు, చివరికి కొత్త నియామకానికి మిగిలే పోస్టు ఏది.

ఉదాహరణకు 12 మంది సూపరింటెండెంట్లు, 30 మంది సీనియర్ అసిస్టెంట్లు, 40 మంది జూనియర్ అసిస్టెంట్లు ఉన్న ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. ఏటా ముగ్గురు సూపరింటెండెంట్లు, ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు రిటైర్ అవుతారని, పై పోస్టులన్నీ ప్రమోషన్‌తోనే నిండుతాయని అనుకుందాం. మూడేళ్లలో దిగిపోవలసినవాళ్లు 15 మంది. వాళ్లు దిగిపోతే తొమ్మిది మంది సీనియర్ అసిస్టెంట్లు సూపరింటెండెంట్లు అవుతారు, 15 మంది జూనియర్ అసిస్టెంట్లు సీనియర్లు అవుతారు, కింద 15 కొత్త ఉద్యోగాలు ఖాళీ అవుతాయి. వయసు మూడేళ్లు పెంచిన మరుక్షణం 15 మందికి సర్వీసు పెరిగింది. 24 మంది ప్రమోషన్ ఆగింది. బయట ఎదురుచూస్తున్న 15 మంది అక్కడే నిలిచిపోయారు. రాష్ట్రంలో జరిగిందీ ఇదే. 2021 మార్చి 31న దిగవలసినవారు 2024 మార్చి 31 దాకా ఉన్నారు, మధ్యలో వయసు మీరి రిటైర్ అయినవారు దాదాపు లేరు.

ఈ పట్టిక గోడకు అంటించిన రోజున మా దగ్గర గొంతులు కొంచెం తగ్గాయి. ఎందుకంటే ఆవేశంలో ఇరుపక్షాలూ తప్పు లెక్కలు చెబుతున్నాయి. మా సీనియర్ అసిస్టెంట్ తన ప్రమోషన్ శాశ్వతంగా పోయిందని నమ్మాడు. పై ఉదాహరణలో 1966లో పుట్టి, వరుసలో నాలుగోవాడిగా ఉన్న మనిషిని తీసుకోండి. పాత వయసు ప్రకారం 2022లో సూపరింటెండెంట్ అయి, 2024లో 58 నిండి దిగిపోయేవాడు; ఆ హోదాలో రెండేళ్లు. కొత్త వయసు ప్రకారం 2025లో సూపరింటెండెంట్ అయి 2027లో 61 నిండి దిగిపోతాడు; ఆ హోదాలో అవే రెండేళ్లు. అంటే ఆయన ప్రమోషన్ పోలేదు, మూడేళ్లు వెనక్కి జరిగింది, సర్వీసూ మూడేళ్లు ముందుకు జరిగింది.

కానీ ఈ మాట చెప్పి సంబరపడితే అది కూడా మోసమే. పెద్దవాళ్లకు వచ్చిన మూడేళ్లు ఇప్పుడే, పూర్తి జీతంతో, ఖాయంగా వచ్చాయి. చిన్నవాడికి వచ్చే మూడేళ్లు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత వస్తాయి. అప్పటికి ఆరోగ్యం, నిబంధనలు, అసలు ఆ పోస్టు ఎలా ఉంటాయో ఎవరూ పూచీ ఇవ్వలేరు. పిల్లల చదువుకూ, ఇంటి అప్పుకూ డబ్బు కావలసింది 35వ ఏట గానీ 60వ ఏట కాదు. సమావేశంలో పెద్దలు ఈ తేడాను నోరు విప్పి ఒప్పుకుంటే సగం కోపం అక్కడే చల్లారుతుంది. ఒప్పుకోకుండా “మీకూ ఒకనాడు అరవై వస్తుంది” అంటే మంటలో నూనె పోసినట్టే.

మీ పట్టికలో వయసు వర్గాలను రెండుగా మాత్రమే విడదీయకండి. నా లెక్కలో అయిదు గుంపులు తేలాయి: వెంటనే లాభపడేవారు, వారి వెనుకే నిలబడి ఒక్క మెట్టు కోసం చూస్తున్న 50 దాటినవారు, నడి సర్వీసులో ఉన్నవారు, సీపీఎస్‌లో చేరిన యువకులు, సభ్యత్వమే లేని కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది. వీరిలో అందరికంటే ఎక్కువ మండిపడేది పాతికేళ్ల కుర్రవాడు కాదు, ఆ రెండో గుంపు మనిషే. ఆయన జుట్టు కూడా నెరిసే ఉంటుంది. ‘సీనియర్లు, జూనియర్లు’ అని మనం అనే తగవులో చాలా భాగం 58 ఏళ్ల మనిషికీ 54 ఏళ్ల మనిషికీ మధ్య నడిచేదే.

ఎవరి మాట వెనుక ఏముందో విడివిడిగా వినండి

సర్వసభ్య సమావేశానికి ముందు కనీసం రెండు చిన్న సమావేశాలు పెట్టండి. ఒకటి 45 లోపువారితో, రెండోది 55 దాటినవారితో. ఒకరి ఎదుట ఒకరు చెప్పుకోలేనివి అక్కడ బయటికి వస్తాయి.

పెద్దలు ఆశతో కుర్చీ పట్టుకున్నారని అనుకోవడం తొందరపాటు. ఉత్తర తెలంగాణలో ఒక తరం నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి ముప్పై దాటాకే ఉద్యోగంలో చేరింది. పూర్తి పెన్షన్‌కు 33 ఏళ్ల అర్హ సర్వీసు కావాలి. 32వ ఏట చేరిన మనిషికి 58 నాటికి, వెయిటేజీ (లెక్కలో అదనంగా కలిపే ఏళ్లు) సంగతి పక్కన పెడితే, 26 ఏళ్లే తేలతాయి. 61 దాకా ఉంటే 29 అవుతాయి. కూతురి పెళ్లి, కొడుకు కోచింగ్, పోచమ్మమైదాన్‌లోనో సుబేదారిలోనో కట్టిన ఇంటి బాకీ ఆ మూడేళ్ల మీదే ఆధారపడి ఉంటాయి. ఆ కోచింగ్‌కు వెళ్లే కొడుకు ఎదురుచూస్తున్నది ఏ ఖాళీ కోసమో తండ్రికి తెలియక కాదు. మా పెద్దాయన ఒకరు చిన్న సమావేశంలో మెల్లగా అన్న మాట ఇది: “నేను దిగితే ఎవరి పిల్లగానికో వస్తది, నేనుంటే నా పిల్లగాని ఫీజు కట్టుకుంట.”

చిన్నవారి వైపు ప్రమోషన్ ఒక్కటే కాదు. పని పంపకం వారిని ఎక్కువ బాధిస్తుంది. కంప్యూటర్ మీది పనంతా కుర్రవాడి నెత్తిన, సంతకం మాత్రం పెద్దాయనది. విద్యుత్ శాఖలో ఇది ఇంకా కటువుగా కనిపిస్తుంది: హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) పరిధిలో గాలివాన వచ్చిన రాత్రి స్తంభం ఎక్కవలసింది ఎవరో, కింద నిలబడి టార్చి పట్టుకునేది ఎవరో ఏ సెక్షన్ ఆఫీసులో అడిగినా చెబుతారు. అరవై ఏళ్ల లైన్‌మన్‌ను స్తంభం ఎక్కించమని ఏ యూనియనూ అడగదు, అడగకూడదు. కానీ ఆయన ఎక్కని స్తంభాలు ఎక్కేవాడికి అదనంగా ఏమిస్తున్నారన్న ప్రశ్న న్యాయమైనదే. డ్రైవర్లకూ అంతే. ఆర్టీసీలో 2019 అక్టోబరు, నవంబరు నెలల సుదీర్ఘ సమ్మె ముగిశాక, డిసెంబరు 1న ముఖ్యమంత్రి డిపోకు అయిదుగురు చొప్పున కార్మికులను పిలిపించుకుని మాట్లాడి విరమణ వయసును 58 నుంచి 60కి పెంచుతున్నట్టు ప్రకటించారు. యూనియన్లను పక్కన పెట్టిన ఆ సమావేశంలో వయసు ఒక వరంగా దిగివచ్చింది. బేరమాడి తెచ్చుకున్నది కాదు గనుక, 59 ఏళ్ల డ్రైవర్‌కు దూరప్రాంత రాత్రి సర్వీసు వేయాలా, కంటిచూపు పరీక్షలో తప్పితే ఏ పని ఇవ్వాలి, వేరే పని ఇస్తే ఆ పనిలో ఉన్న కుర్రవాడు ఎక్కడికి పోవాలి అన్నవన్నీ తర్వాత డిపో గేటు దగ్గర ఒక్కొక్కటిగా తేల్చుకోవలసి వచ్చింది.

సింగరేణి ఊళ్లలో తగవు ఇంట్లోనే ఉంటుంది

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి ప్రాంతాల పిట్ కార్యదర్శులకు ఈ విషయం నేను చెప్పనక్కరలేదు గానీ, బయటివారికి తెలియాలి. బొగ్గుగనుల్లో తండ్రి ఉద్యోగం కొడుకుకు రావడం రెండు మూడు తరాల ఆశ. ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలను మళ్లీ తెచ్చే ప్రయత్నాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తర్వాత, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసిన కార్మికుడి వారసుడికి కారుణ్య నియామకం ఇచ్చే దారి మిగిలింది. మామూలుగా వయసు నిండి దిగిపోయిన కార్మికుడి కొడుకుకు ఆ దారి లేదు. కంపెనీలో విరమణ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది.

దీని ఫలితం విచిత్రం. ఆరోగ్యంగా ఉండి 61 దాకా పనిచేసి గౌరవంగా దిగిపోవాలనుకునే తండ్రికీ, తండ్రి కొత్తగూడెం మెడికల్ బోర్డుకు దరఖాస్తు చేసుకోవాలని కోరుకునే కొడుకుకూ మధ్య అన్నం దగ్గరే మాటామాటా పెరుగుతుంది. ఇద్దరిలో ఒకరు యూనియన్ సభ్యుడు, రెండోవాడు కాబోయే సభ్యుడు. ఇలాంటిచోట గేట్ మీటింగ్‌లో వయసు పెంపు సాధించామని చప్పట్లు కొట్టించుకునే నాయకుడికి, సాయంత్రం క్వార్టర్ల దగ్గర కుర్రవాళ్లు ముఖం చాటేస్తారు.

ఇక్కడ పిట్ కార్యదర్శి చేయగలిగిన పని, ఈ రెండు విషయాలనూ ఒకే కాగితం మీద ఉంచడం. ఎంతమంది కార్మికులకు వచ్చే రెండేళ్లలో వయసు నిండుతుంది, వారిలో ఎంతమంది ఆరోగ్య కారణాలతో నిజంగా పని చేయలేకపోతున్నారు, ఎంతమంది దరఖాస్తులు బోర్డు దగ్గర ఆగి ఉన్నాయి, అండర్‌గ్రౌండ్‌లో కష్టమైన పని నుంచి సర్ఫేస్‌కు మార్చవలసినవారు ఎందరు అన్నది గనివారీగా తెలిస్తే, ‘వయసు పెంచండి’ అన్న కోరికతో ‘బోర్డు సమావేశాలు క్రమంగా పెట్టండి, సర్ఫేస్ పనులకు నిజమైన అవసరం చూసి మార్చండి’ అన్న కోరికలు కలుస్తాయి. బోర్డులో పని చేయిస్తామని డబ్బు అడిగే బ్రోకర్ల సంగతి వేరే చెప్పాలి: బోర్డు ఆలస్యమైనకొద్దీ వారి వ్యాపారం పెరుగుతుంది. కార్యదర్శి ఆ గడపకు దూరంగా ఉండటం మాత్రమే చాలదు, ఉన్నట్టు అందరికీ కనబడాలి.

సమావేశంలో ముందు మీ సంగతి చెప్పండి

సంఘాల కార్యవర్గాల్లో అనుభవమున్నవాళ్లు, అంటే 50 దాటినవాళ్లు ఎక్కువగా ఉంటారు. వయసు పెంపు మీద బేరం చేసేది వాళ్లే, మొదట లాభపడేదీ వాళ్లే. ఈ సంగతి గదిలో ఉన్న ప్రతి కుర్రవాడికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అందుకే అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ లేచి తమ పుట్టిన తేదీ, పాత వయసు ప్రకారం తాము దిగవలసిన నెల, కొత్త వయసు వల్ల తమకు వచ్చేది చెప్పి కూర్చోవాలి. నేను ఈ పని ఆలస్యంగా చేశాను. అప్పటికి నాకు 49 ఏళ్లు, పెద్ద లాభం లేదు. అయినా చెప్పకపోవడం వల్ల నా పేరు కూడా లాభపడే జాబితాలో చేరిపోయింది. వెంటనే లాభపడే వ్యక్తి ఆ రోజు సభకు అధ్యక్షత వహించకపోవడం మంచిది. నడి సర్వీసు మనిషిని కూర్చోబెట్టండి.

మాట్లాడే వరుస కూడా ముఖ్యమే. మన సభల్లో పెద్దన్నలు మొదట మాట్లాడతారు, తమ్ముళ్లు తలూపుతారు, ఇంటికి వెళ్లాక వాట్సాప్‌లో తిడతారు. వరుసను తిప్పేయండి, చివర చేరినవాడితో మొదలుపెట్టండి. ఒక కుర్రవాడు మా సభలో “సారూ, మీరింకో మూడేండ్లుంటే నా బిడ్డ ఇంటర్ అయిపోతది, నేను మాత్రం జూనియర్ అసిస్టెంట్‌గనే ఉంట” అన్నాడు. దానికి సూపరింటెండెంట్ గారు “తమ్మీ, నాకు వద్దని రాసియ్యమంటవా?” అని అడిగారు. కుర్రవాడు కాసేపు ఆగి, “వద్దు సారూ, నాకేం చేస్తరో చెప్పుండ్రి” అన్నాడు. చర్చ అసలు మొదలైంది అక్కడే. మీ సభ ఆ ప్రశ్న దాకా చేరితే చాలు, ఆ పైన రాయవలసింది కోరికల పత్రమే.

ఓటు పెట్టవలసి వస్తే చేతులెత్తించవద్దు. ప్రమోషన్ ప్యానెల్‌కు (అర్హుల జాబితాకు) రహస్య నివేదిక రాసే మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఏ జూనియర్ చేయి ఎత్తుతాడు? చీటీలు పంచండి. వయసు పెంచాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న కాకుండా, వయసుతోపాటు ఏది తప్పనిసరిగా రావాలో గుర్తు పెట్టమని అడగండి.

కోరికల పత్రంలో వయసును దేనితో ముడిపెట్టాలి

ముందుగా మీ సంస్థలో వయసును ఎవరు నిర్ణయిస్తారో చూసుకోండి, ఎందుకంటే బేరం జరిగే చోటు దాన్నిబట్టి మారుతుంది. ప్రభుత్వోద్యోగులకు అది శాసనసభ చేసే చట్టం. సంఘం చేయగలిగింది విన్నపం, ఒత్తిడి. పరిశ్రమల్లో స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థ రాతపూర్వక సేవా నిబంధనలు), ఒప్పందాలు నిర్ణయిస్తాయి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద, ఒప్పందమో కార్మిక ట్రిబ్యునల్ తీర్పో (అవార్డు) లేనిచోట 58 ఏళ్లు అనే ఏర్పాటు ఉండేది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల స్మృతి అమల్లోకి వచ్చింది గనుక మీ సంస్థలో ఇప్పుడు ఏ పత్రం చెల్లుతుందో కార్మిక శాఖ కార్యాలయంలో కనుక్కున్న తర్వాతే లేఖ రాయండి.

మొదటి ముడి ప్రమోషన్లతో. పైనున్నవారు దిగకపోయినా కిందివారికి హోదా, జీతం కదలడానికి పెరిగిన కాలానికి మాత్రమే వర్తించే సూపర్‌న్యూమరరీ పోస్టులు (మంజూరైన సంఖ్యకు మించి తాత్కాలికంగా ఇచ్చేవి) అడగవచ్చు; మీరు వేసిన పట్టికే దానికి ఆధారం. పై ఉదాహరణలోని తొమ్మిది సూపరింటెండెంట్ పోస్టులను మూడేళ్లపాటు అదనంగా ఇస్తే, ఆ వరుసలో ఆగిన 24 ప్రమోషన్లలో 18 వరకు కదులుతాయి. ఖర్చు ఎక్కువన్న జవాబు తప్పక వస్తుంది. అప్పుడు రెండో మెట్టుగా ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకాన్ని ముందుకు తీసుకురండి: ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు ఉన్నవారికి పై స్కేలు ఇచ్చే ఆ పద్ధతి, కుర్చీ ఖాళీ కాకపోయినా జీతం ఆగకుండా ఉండటానికే పుట్టింది. వయసు పెరిగినప్పుడు ఆ గడువులను తగ్గించమనడం న్యాయమైన కోరిక. హోదా కోరేవాడికి స్కేలు సరిపోదని మాత్రం గుర్తుంచుకోండి. మా సీనియర్ అసిస్టెంట్‌కు కావలసింది డబ్బు కంటే తలుపు మీద పేరు.

రెండో ముడి నియామకాలతో. 2022 మార్చిలో ప్రభుత్వం 80,039 పోస్టులు నింపుతామని ప్రకటించి, దరఖాస్తుదారుల గరిష్ఠ వయసును 34 నుంచి 44కు పెంచింది. 2024లో అది 46 అయింది. దిగే వయసు పెరిగినకొద్దీ ఎక్కే వయసు కూడా పెరుగుతూ పోయిందన్నమాట. 46వ ఏట చేరినవాడికి 61 దాకా 15 ఏళ్ల సర్వీసే ఉంటుంది, అతని పెన్షన్ నిధి ఎంత చిన్నదో లెక్క కట్టి చూపండి. వయసు పెంచిన ఏడాది నుంచే ఖాళీల క్యాలెండర్ ప్రకటించాలని, పాత వయసు ప్రకారం వచ్చి ఉండే ఖాళీల్లో ఇంత భాగం నింపాలని సంఖ్యతో అడగండి. సంఖ్య లేని కోరికకు ‘పరిశీలిస్తాం’ అనే జవాబే వస్తుంది.

ఇష్టపడి ముందే దిగిపోయేవారికి దారి ఉంచడం మూడోది. కష్టమైన శరీరశ్రమ చేసేవారిలో చాలామందికి 58 చాలు. వారు పాత వయసుకే దిగితే కొత్త వయసు వరకు పనిచేసినవారితో సమానంగా గ్రాట్యుటీ, సెలవుల నగదు వెంటనే అందేట్టు చూడమనండి.

ప్రావిడెంట్ ఫండ్ సంస్థల్లో ఉన్నవారు ఒక చిక్కు గమనించాలి. 1995 ఉద్యోగుల పింఛను పథకంలో సాధారణంగా 58 ఏళ్లతో పింఛను లెక్క ఆగిపోతుంది. ఆ తర్వాత ఉద్యోగం కొనసాగినా పింఛను నిధికి వెళ్లే వాటా ప్రావిడెంట్ ఫండ్‌లోకే మళ్లుతుంది. పింఛను తీసుకోకుండా 60 దాకా ఆపుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. 58 దాటినవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు, సర్వీసు పెరిగితే పింఛనూ పెరుగుతుందని నమ్మి వయసు పెంపు కోసం గట్టిగా పట్టుబడతారు. వారికి కాగితం మీద చూపితే కొందరు తామే మెత్తబడతారు. సీపీఎస్ కుర్రవాళ్ల విషయంలో ఇది తలకిందులు: వారి జీతంలో 10 శాతం, దానికి తోడు ప్రభుత్వ వాటా అదనపు మూడేళ్లూ జమ అవుతాయి, నిధి అంతకాలం పెరుగుతుంది. వయసు పెంపును వ్యతిరేకిస్తూ మా దగ్గర గట్టిగా అరిచిన కుర్రవాళ్లే దీర్ఘకాలంలో దానివల్ల ఎక్కువ బాగుపడేవారిలో ఉన్నారు. ఈ మాటను పెద్దలు చెబితే నమ్మరు. సీపీఎస్ సంఘంలో తిరిగే ఒక కుర్రవాడి చేత చెప్పించండి.

విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి వేరు. 2025 జనవరిలో రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకుల వయసు 60 నుంచి 65కు పెరిగింది. కాకతీయ విశ్వవిద్యాలయం వంటిచోట పెద్దలు రెగ్యులర్ ప్రొఫెసర్లు, చిన్నవారు కాంట్రాక్టు అధ్యాపకులు, పీహెచ్‌డీ పట్టాలతో తిరిగే నిరుద్యోగులు. వీళ్లు ఒకే సంఘంలో లేరు, ఒకే బల్ల దగ్గర కూర్చోరు. అక్కడ రెండు సంఘాల మధ్య రాతపూర్వకమైన అవగాహన కుదిరితే తప్ప పై పద్ధతి పారదు.

తీర్మానం ఎలా రాయాలి

ఎవరూ ఓడిపోయినట్టు చదవబడని భాష వాడండి. మా శాఖలో చివరికి కుదిరిన తీర్మానం దాదాపు ఇలా ఉంది: “పదవీ విరమణ వయసు పెంపును ఈ సభ స్వాగతిస్తూ, దానివల్ల మూడేళ్లపాటు నిలిచిపోయే ప్రమోషన్లకు జతపరచిన పట్టిక ప్రకారం అదనపు పోస్టులు మంజూరు చేయాలని, నిలిచిపోయే నియామకాలకు కాలపట్టిక ప్రకటించాలని, ఈ మూడు అంశాలను విడదీసి చర్చించడానికి మా ప్రతినిధులు అంగీకరించరాదని తీర్మానిస్తున్నది.” విడదీసి చర్చించరాదన్న చివరి షరతే ప్రాణం. అది లేకపోతే పైనున్న నాయకత్వం వయసు తీసుకుని మిగతా రెండూ వదిలేసి వస్తుంది. మా విషయంలో వయసు ముందే చట్టమైపోయింది గనుక మా తీర్మానానికి ఉన్న పదును తగ్గింది. అదనపు పోస్టులు రాలేదు, పని పంపకం మాత్రం మారింది, ప్యానెల్ ఆలస్యం కాకుండా ఏటా వేయించుకున్నాం. అంతకంటే ఎక్కువ సాధించామని చెప్పుకోలేను.

విరోధించినవారి అభిప్రాయాన్ని మినిట్స్‌లో వారి మాటల్లోనే రాయండి, వారి సంతకం తీసుకోండి. అలా రాయించుకున్నవాడు చందా మానడు.

వయసు పెరిగాక చూసుకోవలసినవి

పెంచిన వయసు మళ్లీ తగ్గదని ఎవరూ ధీమాగా ఉండకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 1979లో 55 నుంచి 58కి పెంచిన వయసును 1983 ఫిబ్రవరిలో ఎన్‌టీఆర్ ప్రభుత్వం మళ్లీ 55కు దించి వేలమందిని ఒక్క నెలాఖరున ఇంటికి పంపింది. యువకులకు అవకాశం కల్పించడమన్న కారణాన్ని సుప్రీంకోర్టు 1985 జనవరిలో సమర్థించింది. ఈలోగా 1984లోనే వయసు తిరిగి 58 అయింది, మధ్యలో ఇంటికి పోయినవారిని తిరిగి తీసుకోవడంపై ఇంకో కేసు నడిచి, అదీ 1985లో తేలింది. తిరిగి వచ్చినవారికీ, వారి స్థానాల్లో అప్పటికే ప్రమోషన్ పొందినవారికీ మధ్య సీనియారిటీ తగవులు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. అప్పట్లో ఉద్యోగంలో ఉన్నవారు ఇంకా వరంగల్‌లో పింఛనుదార్ల సంఘాల్లో కనిపిస్తారు; ఒకరిని పిలిచి మాట్లాడించండి, కుర్రవాళ్లు చెవులు రిక్కించి వింటారు.

మూడేళ్ల విరామం ముగిశాక దిగేవారి వరుస ఒక్కసారిగా మొదలవుతుంది. 2024 మార్చి నుంచి మా జిల్లాలో ప్రతి నెలాఖరునా శాలువాలు, దండలు. ఆ తర్వాత గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం), జీపీఎఫ్ (సాధారణ భవిష్య నిధి) బిల్లుల కోసం నెలల తరబడి ఖజానా కార్యాలయం చుట్టూ తిరగడం. వయసు పెంపుతో ప్రభుత్వానికి కలిసొచ్చినది ఈ చెల్లింపులు వాయిదా పడటమే, ఆ వాయిదా ఇప్పటికీ పూర్తిగా తీరలేదని మా పెద్దలు వాపోతున్నారు. ఆ రోజుల్లో కుర్చీ కోసం అలిగిన సీనియర్ అసిస్టెంటే, ఇప్పుడు సూపరింటెండెంట్ హోదాలో, తన ముందు దిగిపోయిన పెద్దాయన పెన్షన్ కాగితాలు దగ్గరుండి సరిచూసి పంపుతున్నాడు. అందుకే దిగేవారి కాగితాలు ఏడాది ముందే సిద్ధం చేసే బాధ్యతను, వారి స్థానంలోకి వచ్చేవారికే అప్పగించమని మేము ఒక నియమం పెట్టుకున్నాం. సర్వీసు రిజిస్టర్‌లో తప్పిన ఎంట్రీలు, నామినేషన్లు, సెలవుల లెక్క ముందుగా చూసేది వాళ్లే.

నెలవారీ పట్టికను ఏటా ఏప్రిల్‌లో తిరగరాయండి. ఒక ప్రతి కార్యదర్శి దగ్గర, రెండోది శాఖలో అందరికంటే చివర చేరిన సభ్యుడి దగ్గర ఉండాలి.